బ్రౌన్ కౌంటీ స్టేట్ పార్క్, ఇండియానా: మా వాళ్ళందరం కలిసిన చోటు

షికాగో వాళ్ళకి దూరం కాకూడదు, కొలంబస్ నుంచి వచ్చే పెద్దత్తయ్య ఎక్కువ మెట్లెక్కలేదు. వారాల తరబడి ఫోన్లలో తర్జనభర్జన పడి, నాష్‌విల్ ఊరి పక్కనున్న ఈ పార్కులో ఏబ్ మార్టిన్ లాడ్జ్ ఖాయం చేశాం. లాడ్జిలోనే ఇండోర్ వాటర్ పార్క్. పిల్లల్ని అన్నానికి పిలవడమే పెద్ద పనైపోయింది!

ఉత్తరం గేటు దగ్గర 1838లో కట్టిన కప్పున్న చెక్కవంతెన ఉంది. పెద్దత్తయ్య కారాపించి దిగి, దూలాన్ని అరచేత్తో నిమిరి, "అచ్చం మన పాతింటి దూలంలానే ఉందిరా" అంది. నాకు గొంతు పూడుకుపోయింది.

ఆర్వీలో (లోపలే పడకలు, వంటగది ఉండే పెద్ద బండి) వచ్చేవాళ్ళు పడమటి గేటు నుంచే రావాలి. అక్టోబరులో ఆకుల రంగులు చూడ్డానికి జనం పోటెత్తుతారు. గదులు చాలా ముందే పట్టుకోండి. మేం జూన్‌లో వెళ్ళాం, హాయిగా గడిచింది.