బఫెలో మాజీ సైనికుల కోర్టు: చూసొచ్చాను (5కి 4)

నేను మిలటరీలో పదిహేడేళ్లు చేసి హవల్దారుగా వచ్చేశాను. ఊరు శ్రీకాకుళం పక్కనే. పోయినేడు అమెరికాలో అబ్బాయి దగ్గరున్నప్పుడు, పట్టుబట్టి మరీ న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో ఉన్న ఈ కోర్టుకి తీసుకెళ్లమన్నాను. కేసుల్లో ఇరుక్కున్న మాజీ సైనికులకి జైలుకి బదులు వైద్యం, నిఘా పెట్టే కోర్టిది. కారణం మా బ్యాచ్ వాడొకడు. పెన్షన్ మీద ఇంటికొచ్చాక తాగుడు పట్టుకుంది, గట్టు తగాదాలో సొంత తమ్ముడి తల పగలగొట్టాడు. 1958 నాటి ప్రొబేషన్ చట్టం 4వ సెక్షన్ కింద జైలు లేకుండా రెండేళ్ల బాండు మీద వదిలారు. పూచీ నాదే.

బఫెలోలో ఈ కోర్టుని 2008 జనవరిలో జడ్జి రాబర్ట్ రస్సెల్ మొదలుపెట్టారు. అంతకుముందు ఆయన ముందుకొచ్చిన వియత్నాం యుద్ధంలో చేసొచ్చిన ఒక అమెరికా మాజీ సైనికుడు తలొంచుకుని, ఏమడిగినా పలకలేదట. సిబ్బందిలో ఇద్దరు మాజీ సైనికులుంటే, బయటికి తీసుకెళ్లి మాట్లాడమన్నారు. తిరిగొచ్చేసరికి ఆ మనిషి చేతులు వెనక్కి పెట్టి, నిటారుగా విశ్రామ్‌లో నిలబడ్డాడట! మిలటరీలో చేసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

జడ్జి, ప్రాసిక్యూటరు, లాయరు, ప్రొబేషన్ ఆఫీసరు, మాజీ సైనికుల వైద్య విభాగం మనిషి అంతా ఒక జట్టు. ఈ కార్యక్రమం ఏడాది ఉంటుంది, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. మొదట్లో తరచూ హాజరవ్వాలి, మత్తు పరీక్షలుంటాయి. తప్పితే జైలు కూడా ఉంది. పూర్తి చేస్తే కేసు కొట్టేస్తారు, లేదా తగ్గిస్తారు.

నాకు కళ్లలో నిలిచిపోయింది వేరే. పేరు పిలవగానే ఒక కుర్రాడి చెయ్యి వణికింది. పక్కనున్న జుట్టు నెరిసిన పెద్దాయన మోచెయ్యి పట్టుకుని తనూ లేచాడు. ఆయన జీతం లేకుండా తోడొచ్చే మాజీ సైనికుడు, మెంటర్ అంటారు.

ఒక మార్కు ఎందుకు తగ్గించానంటే, డిస్చార్జి మంచిగా లేనివాళ్లకి, అంటే సైన్యం నుంచి మచ్చతో పంపేసినవాళ్లకి, ఆ ప్రభుత్వ వైద్యం చాలాసార్లు దక్కదు. అసలు అవసరం వాళ్లకే ఎక్కువ కదా.

మా బ్యాచ్ వాడి కోర్టు ఉత్తర్వులో వెళ్లి సంతకం పెట్టాలని ఉంది, వైద్యం మాట లేదు, తోడు మాట లేదు. అందుకే వచ్చిన దగ్గర్నుంచి సంతకం రోజున నేనూ ఫస్ట్ బస్సుకి దిగుతున్నాను. ఏడు రోడ్ల కూడలిలో టీ తాగి కలిసే వెళ్తాం. ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డు మీద డాక్టరుకీ చూపిస్తున్నాం. మధ్యలో ఒకసారి తాగాడు, తనే ఫోన్ చేసి చెప్పాడు. మొన్న గడ్డం గీసుకుని, బూట్లు పాలిష్ చేసుకుని నాకంటే ముందే వచ్చి నిలబడ్డాడు.