టెక్సాస్‌లో ఎం.ఎస్.: వెయ్యి డాలర్ల స్కాలర్‌షిప్పా, అసిస్టెంట్‌షిప్పా?

టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో బయటి రాష్ట్రాలవారికీ, మన పిల్లల్లాంటి విదేశీయులకూ ట్యూషన్ ఫీజు స్థానికులకంటే చాలా ఎక్కువ. దాన్ని స్థానిక రేటుకు దింపే దారులు ముఖ్యంగా రెండు: ఒకటి పోటీలో గెలిచే స్కాలర్‌షిప్, రెండోది అసిస్టెంట్‌షిప్, అంటే బోధనలోనో పరిశోధనలోనో ప్రొఫెసర్‌కు సాయపడే ఉద్యోగం.

చేతికొచ్చేది: స్కాలర్‌షిప్‌తో ఏడాదికి కనీసం 1,000 డాలర్లు, ఫీజు తగ్గింపు. అసిస్టెంట్‌షిప్‌తో తగ్గింపూ, నెలనెలా జీతమూ.

శ్రమ: మొదటిదానికి స్థానికులతోనూ పోటీపడి గెలవాలి. రెండోదానికి వారానికి 20 గంటల పని. తరగతులు జరిగే రోజుల్లో ఎఫ్-1 (విద్యార్థి) వీసా అనుమతించే క్యాంపస్ పని అంతే కాబట్టి మరో ఉద్యోగానికి చోటుండదు.

ఆఫర్ లేఖను మాత్రం అక్షరం అక్షరం చదవండి. 900 డాలర్ల స్కాలర్‌షిప్‌కు ఈ తగ్గింపు వర్తించదు. వారానికి 10 గంటల పనికీ, చదువుతో సంబంధం లేని కౌంటర్ పనికీ అంతే. అప్పు చేసి పంపిన తల్లిదండ్రులకు అది వేల డాలర్ల తేడా!

రిస్కు: స్కాలర్‌షిప్ తగ్గింపులకు విద్యార్థుల సంఖ్యలో 5 శాతం పరిమితి ఉంది. ప్రొఫెసర్ దగ్గర నిధులు అయిపోతే అసిస్టెంట్‌షిప్పూ ఆగిపోవచ్చు.

మంచి మార్కులుండి, ఇంకా ఇక్కడే ఉన్నవారు ప్రవేశ దరఖాస్తుతోపాటే స్కాలర్‌షిప్‌కూ ప్రయత్నించాలి. అక్కడ చేరి, పరిశోధనపై మనసుండి, ప్రొఫెసర్ నమ్మకం పొందినవారికి అసిస్టెంట్‌షిప్పే మేలు.