డప్పుల్లేని వార్డ్‌రూనా: ‘స్కాల్డ్’ ఆల్బమ్ ఎలా ఉందంటే

ముందే చెప్పేస్తున్నా, ‘వైకింగ్స్’ సీరియల్ చూసి, అందులోని ఢమఢమలు ఎక్కడ దొరుకుతాయా అని వార్డ్‌రూనా పాటలు వెతుక్కునేవాళ్లు ఈ ఆల్బమ్‌తో మొదలెట్టకండి. నేను అదే పని చేశాను. రెండు పాటలు విని, ఇదేంట్రా బాబూ అని నాలుగు నెలలు పక్కన పడేశాను.

తెలియనివాళ్లకి రెండు ముక్కలు. వార్డ్‌రూనా నార్వే బ్యాండు, 2003లో మొదలైంది. నడిపేది ఐనార్ సెల్విక్, ఒకప్పుడు గోర్గోరోత్ అనే బ్లాక్ మెటల్ బ్యాండులో డ్రమ్ములు వాయించినాయన. ఉత్తర యూరప్ పాత లిపిలోని 24 రూన్ అక్షరాల మీద 2009, 2013, 2016ల్లో మూడు ఆల్బమ్‌లు చేశారు. వాటిల్లో డప్పులు, కొమ్ములు, పదిమంది గొంతులు కలిసి మా ఊరి జాతరలో గరగలు బయల్దేరినప్పటి ఊపు ఉంటుంది. 2018 నవంబరులో వచ్చిన ఈ ‘స్కాల్డ్’ మాత్రం ఒంటరి వ్యవహారం. సెల్విక్ ఒక్కడే, చేతిలో ఒక వాయిద్యం, అంతే. ఎక్కువ భాగం స్టూడియోలో లైవ్‌గా పాడుతూనే రికార్డు చేశారు. స్కాల్డ్ అంటే వాళ్ల పాత భాషలో కవి, రాజుల కొలువుల్లో పద్యం చెప్పేవాడు, మన భట్రాజుల్లాగే.

సీడీయే కొన్నాను, ఎందుకని అడక్కండి. ఆన్‌లైన్లో ఆర్డర్ పెడితే మూడు వారాలకి వచ్చింది, అదీ డబ్బా మూల పగిలి, లోపల పుస్తకం తడిసి. తీరా చూస్తే ఇంట్లో సీడీ పెట్టే మిషనే లేదు! మా బావ పాత కారులో ఉంది. బావ అంటే వరసకి కాదు, చిన్నప్పట్నుంచీ అలా పిలుపు అలవాటైపోయింది, వాళ్లది అంతర్వేది పల్లిపాలెం. రాజోలు నుంచి పాలకొల్లు వెళ్తూ చించినాడ వంతెన ఎక్కేసరికి ‘సోనాటొర్రెక్’ అనే పాట వస్తోంది. మావాడు సౌండు తగ్గించి, “ఏరా, ఎవరు పోయార్రా?” అన్నాడు.

ఒక్క ముక్క భాష తెలియకుండా కరెక్టుగా పట్టేశాడు. అది చావు పాటే. పదో శతాబ్దంలో ఐస్‌లాండ్‌లో ఎగిల్ అనే కవి ఉండేవాడు, మనుషుల్ని నరికిన చెయ్యే పద్యాలూ చెప్పింది. కొడుకు బోద్వర్ సముద్రంలో పడవ మునిగి చచ్చిపోతే శవాన్ని తనే వెతికి తెచ్చి పూడ్చి, ఇంటికొచ్చి తలుపు గడియ పెట్టుకుని, తిండి మానేసి పడుకున్నాడు, చచ్చిపోదామని. కూతురు వచ్చి, నేనూ నీతోపాటే పోతానని నమ్మించి లోపలికి వెళ్లి, ఉపాయంగా పాలు తాగించి, తమ్ముడి మీద పద్యం చెప్పి అప్పుడు చద్దువుగాని అంది. ఆ పద్యమే ఇది. కత్తితో పగ తీర్చుకోవడం కుదిరితే సముద్రంతోనే యుద్ధానికి వెళ్లేవాణ్ణంటాడు ముసలాడు. వాళ్లకి రాన్ అని ఒక సముద్ర దేవత ఉంది, వల వేసి మనుషుల్ని పట్టుకుంటుందట. ఇది చెప్తే బావ, “మనం చేపలకేస్తాం, ఆవిడ మనకేస్తదన్నమాట” అని ఊరుకున్నాడు.

96 నవంబరు తుపానుకి వాళ్ల చిన్నాన్న వేటకెళ్లి తిరిగి రాలేదు. తాతయ్య చాలా రోజులు అరుగు మీంచి లేవలేదట. కాసేపయ్యాక బావ అన్నాడు, “ఆయనకి శవమైనా దొరికింది.”

దాదాపు పావుగంట ఉంటుంది ఆ పాట. రాగం పెద్దగా మారదు, ఎత్తుకోవడాలు, గమకాలు ఏవీ ఉండవు. బుర్రకథలో కథకుడు వంతల్ని ఆపేసి ఒక్కడే తంబురా మీద మెల్లగా చెప్పుకుపోయే ఘట్టం ఉంటుంది చూడండి, అలా. క్రావిక్ లైర్ అని చిన్న తంతి వాయిద్యం, పాత నార్వే సరుకు. ఇంకోటి తాగెల్‌హార్పా, గుర్రపు వెంట్రుకల తంతుల మీద కమాను లాగుతారు, నున్నటి ఫిడేలు అనుకునేరు, గరగరలాడుతుంది, పాత తలుపు మూలుగుతున్నట్టు. నాకు అదే నచ్చింది. మేక కొమ్ము బూర కూడా ఉంది, ఇంకొంచెం వాడుండాల్సింది అనిపించింది.

‘వోలుస్పా’ పాట గురించి చెప్పాలి. ఒక సోదె చెప్పే ఆవిడ, ఓడిన్ అంతటి దేవుడు అడిగితే, సృష్టి మొదట్నుంచి లోకం మునిగేదాకా చెప్పుకొస్తుంది. ఆవిణ్ణి వోల్వా అంటారు, కర్ర పట్టుకున్నామె అని అర్థం. కర్ర పట్టుకుని వచ్చే ఎరుకలసాని గుర్తు రాకపోతే ఒట్టు. ‘ఫేహు’ అని ఇంకో పాట, అంటే పశువులు, సంపద కూడా, మన గోధనం టైపు.

నచ్చనివీ ఉన్నాయి. ‘హెల్వేగెన్’ 2013 ఆల్బమ్‌లోదే, పోయేవాణ్ణి దారి దాటించే పాట. అక్కడ డప్పు పడుతుంటే శంఖం, జేగంటతో శవం ముందు నడుస్తున్నట్టే ఉంటుంది. ఇక్కడ ఒంటి గొంతుతో పల్చబడిపోయింది, నేనైతే పాతదే వింటాను. మధ్యలో రెండు మూడు పాటలు ఒకే నడకలో సాగి, మధ్యాహ్నం భోంచేసి వింటే గ్యారంటీగా నిద్రొస్తుంది. ‘వైకింగ్స్’ సీరియల్ హీరో రాగ్నార్‌ని పాముల గోతిలో పడేసిన కథ మీద పాట ఒకటుంది, సీరియల్ అభిమానులకి అది సరిపోతుంది. ఫోన్ స్పీకరులో మాత్రం వినకండి, దోమ పాడినట్టుంటుంది. పాటల అర్థాలు ముందు ఓసారి చదువుకోండి, లేకపోతే సగం పోయినట్టే.

మార్కులంటే పదికి ఏడు, ‘సోనాటొర్రెక్’ ఒక్కదానికైతే పదికి పది. పోయిన వారం అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర కారాపి, తలుపులు తీసి పెట్టి మళ్లీ విన్నాం, అవతల సముద్రం హోరులో లైర్ సగం వినపడనేలేదు. సీడీ బావ దగ్గరే ఉండిపోయింది. అడిగితే ఇవ్వట్లేదు, మిషను లేనోడికి సీడీ ఎందుకంటాడు.