పిరమిడ్ లోపలికి వెళ్లాలంటే ఏది మేలు: గిజానా, సఖ్ఖారానా, దహ్షూరా?

ఈజిప్టు నుంచి తిరిగొచ్చాక చుట్టాలందరూ అడిగింది ఒకటే: "పిరమిడ్ లోపలికి వెళ్లారా?" వెళ్లాం. రెండు రోజుల్లో మూడు చోట్ల వెళ్లాం. అందుకే ఇప్పుడు ఎవరైనా కైరోకు టికెట్లు తీసుకున్నామంటే ముందుగా ఈ మాట చెబుతున్నాను: గిజా పిరమిడ్లను బయట నుంచి తనివితీరా చూడండి. లోపలికి దిగే ఓపికను మాత్రం దహ్షూర్ కోసం దాచుకోండి. వెంట అమ్మానాన్నలు ఉంటే సఖ్ఖారాను అస్సలు వదలొద్దు.

పిరమిడ్లంటే మనకు గుర్తొచ్చేవి గిజాలోని ఆ మూడే. నిజానికి నైలు నదికి పడమటి వైపున, ఎడారి అంచు వెంబడి దక్షిణానికి వెళ్లేకొద్దీ పిరమిడ్లు కనిపిస్తూనే ఉంటాయి. గిజా నుంచి దహ్షూర్ దాకా ఉన్న ఈ పిరమిడ్ల నేలను యునెస్కో 1979లోనే ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కైరో నుంచి సఖ్ఖారా దాదాపు 30 కిలోమీటర్లు, దహ్షూర్ 40. కారు మాట్లాడుకుంటే రెండూ ఒకే రోజులో అయిపోతాయి.

గిజాను తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆ మూడింటిలో పెద్దదైన ఖుఫు రాజు పిరమిడ్ మొదట్లో నిలబడితే అడుగు వరస రాయి నా భుజాల దాకా వచ్చింది. అలాంటి వరసలు రెండు వందలకు పైగా ఉన్నాయి. క్రీ.పూ. 2560 ప్రాంతంలో 146 మీటర్ల ఎత్తున కట్టారు. కొస రాళ్లు పోయి ఇప్పుడు 138 మీటర్లకు తగ్గింది. పక్కనున్న ఖఫ్రే పిరమిడ్ కొసన పాత సున్నపురాయి తొడుగు టోపీలా ఇంకా మిగిలి ఉంది. ఒకప్పుడు ఖుఫు పిరమిడ్ కూడా అడుగు నుంచి కొస దాకా అలా నున్నగా ఉండేది. ఆ తొడుగును చూస్తూ మిగతా పిరమిడ్‌ను ఊహించుకోవడానికే నేను అరగంట కూర్చున్నాను.

ఇక లోపలి సంగతి. ఖుఫు పిరమిడ్‌లోకి వెళ్లాలంటే ప్రవేశ టికెట్ కాక ఇంకో టికెట్ కొనాలి, అది బాగా ఖరీదు. లోపల దాదాపు 39 మీటర్ల పొడవున ఎగువకు పోయే దారి ఉంది. ఎత్తు 1.2 మీటర్లు మాత్రమే. నడుము వంచుకుని ఎక్కాలి. ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ అదే దారిలో. జనం ఎక్కువైతే ఉక్కపోతకు చొక్కా తడిసిపోతుంది, ముందున్నవాళ్లు ఆగితే మనమూ వంగినవాళ్లం వంగినట్టే ఆగాలి. ఆ తర్వాత ఒక్కసారిగా కప్పు ఎనిమిదిన్నర మీటర్ల ఎత్తుకు లేస్తుంది. గ్రాండ్ గ్యాలరీ అంటారు దాన్ని. అది మాత్రం అద్భుతం, కాదనను. చివరన రాజు గది: నాలుగు గ్రానైట్ గోడలు, మూత లేని ఒక రాతి పెట్టె. గోడల మీద ఒక్క బొమ్మ లేదు, ఒక్క అక్షరం లేదు. మమ్మీ సరేసరి. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీని చూసి పెరిగినవాళ్లు పిరమిడ్‌లో కూడా అలాంటిది ఉంటుందని ఆశపడితే నిరాశే. ఆ గ్రానైట్‌ను 800 కిలోమీటర్లకు పైగా దూరంలోని అస్వాన్ నుంచి నది మీద తెచ్చారని తెలిస్తే ఆ ఖాళీ గది కూడా గొప్పగా అనిపిస్తుంది. కానీ వెనక నుంచి జనం తోసుకొస్తుంటే అంత ఆలోచించే తీరిక ఎవరికి దొరుకుతుంది?

దహ్షూర్‌లో దొరుకుతుంది. అక్కడున్న రెండు పెద్ద పిరమిడ్లనూ కట్టించింది ఖుఫు తండ్రి స్నెఫెరు. మొదటిది వంగిన పిరమిడ్. దాదాపు 54 డిగ్రీల వాలుతో మొదలుపెట్టారు, సగంలో కట్టడం నిలవదన్న భయంతో కావచ్చు, 43 డిగ్రీలకు తగ్గించారు. మిగతా ఏ పెద్ద పిరమిడ్‌కూ లేనంతగా దీనికి పై తొడుగు నిలిచి ఉంది. ఆ తర్వాత మొదటి నుంచీ 43 డిగ్రీలతోనే ఎర్ర పిరమిడ్ కట్టి, నున్నటి ఏటవాలు పిరమిడ్‌ను నిలబెట్టగలిగారు. ఆ అనుభవం లేకపోతే కొడుకు పిరమిడ్ అంత ఎత్తు లేచేదే కాదు. పొరపాటు, దిద్దుబాటు రెండూ పక్కపక్కనే కళ్లెదుట నిలిచి ఉండటం నన్ను గిజా కన్నా ఎక్కువగా కదిలించింది.

ఎర్ర పిరమిడ్‌లోకి వెళ్లడం తేలికేమీ కాదు. ముందు బయటి వైపున 28 మీటర్ల ఎత్తుకు మెట్లెక్కాలి. అక్కడి నుంచి 60 మీటర్లకు పైగా లోపలికి దిగాలి. జారకుండా చెక్కల మీద అడ్డపట్టీలు కొట్టారు. ముందుకు తిరిగి దిగితే తల కప్పుకు తగులుతోందని నేను వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు దిగాను. కిందికి చేరేసరికి అమ్మోనియా వాసన గుప్పుమంది, కళ్లు మండాయి. అయినా తల ఎత్తి చూశాక వాసన సంగతి మరచిపోయాను. రెండు వైపుల గోడలూ పైకి పోయేకొద్దీ, వరస మీద వరస కాస్త కాస్త లోపలికి జరుగుతూ, పన్నెండు మీటర్ల ఎత్తున దగ్గరపడతాయి. అరచేయి ఆనించి చూశాను. రాయికీ రాయికీ మధ్య గోరు కూడా దూరలేదు. పది నిమిషాల పాటు ఆ గదిలో నేనూ మా తమ్ముడూ తప్ప ఎవరూ లేరు. గిజాలో ఈ అవకాశం దొరకడం కల్ల. పైగా మేం వెళ్లినప్పుడు దహ్షూర్ ప్రవేశ టికెట్‌లోనే రెండు పిరమిడ్ల లోపలికీ వెళ్లనిచ్చారు. మర్నాడు తొడలు పట్టేసి హోటల్ మెట్లు దిగడం కష్టమైంది, అది వేరే సంగతి.

మా అమ్మ ఎర్ర పిరమిడ్ ఎక్కలేదు. "మీరు వెళ్లి రండిరా, నేనిక్కడ కూర్చుంటా" అంది. అరవై దాటినవాళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, బీపీ, ఆస్తమా ఉన్నవాళ్లు అలాగే చేయడం మంచిది. ఇరుకు చోట్లంటే టెన్షన్ పడేవాళ్లకూ ఇదే మాట.

కానీ సఖ్ఖారాలో అమ్మే మా అందరికన్నా ముందు నడిచింది. జోసెర్ రాజు కోసం క్రీ.పూ. 2670 ప్రాంతంలో ఆయన మంత్రి ఇమ్‌హోతెప్ కట్టిన ఆరు మెట్ల పిరమిడ్ ఇక్కడే ఉంది, ఈజిప్టులో పిరమిడ్ అనేదే దీనితో మొదలైంది. దాన్ని బయట నుంచి చూస్తే చాలు. అసలు చూడాల్సింది పక్కనే మట్టిదిబ్బలా కనిపించే తెతి రాజు పిరమిడ్. వాలు దారి కాస్త వంగి నడవాల్సిందే అయినా చిన్నది. లోపల కప్పు నిండా చుక్కలు చెక్కారు, గోడల మీద నిలువు వరసల్లో అక్షరాలు. చనిపోయిన రాజు పరలోక ప్రయాణం కోసం రాసిన మంత్రాలవి. ఇలాంటివి మొట్టమొదట కనిపించేది దగ్గర్లోనే ఉన్న ఉనాస్ పిరమిడ్‌లో, క్రీ.పూ. 2350 ప్రాంతంలో. అది తెరిచి ఉంటే ముందు దానికే వెళ్లండి, అక్కడి అక్షరాల్లో నీలం రంగు ఇంకా నిలిచి ఉంది. ఖుఫు గదిలో లేని మాటలన్నీ ఇక్కడ ఉన్నాయి.

తెతి అల్లుడు, మంత్రి అయిన మెరెరుకా సమాధి కూడా ఆ పక్కనే. ముప్పైకి పైగా గదులు, నేల మట్టంలోనే ఉన్నాయి కాబట్టి వంగే పని లేదు. గోడల నిండా పశువులు, చేపలు, పడవలు, నీటిగుర్రాల వేట. ఒక్కో బొమ్మ దగ్గరా అమ్మ ఆగిపోతుంటే "పదమ్మా, టైమైపోతోంది" అని మేమే పిలవాల్సి వచ్చింది.

రెండు రోజులు చేతిలో ఉంటే ఒకరోజు పొద్దున్నే బయల్దేరి ముందు దహ్షూర్, తర్వాత సఖ్ఖారా చూడండి. ఎండ ముదరక ముందే ఎర్ర పిరమిడ్ మెట్లెక్కేయాలి, అందుకే ఆ వరస. రెండో రోజు గిజా. ఒంటె ఎక్కాలనుకుంటే ఎక్కడం, తిరగడం, దిగడం అన్నీ కలిపి ఎంతో ముందే తేల్చుకోండి. మమ్మల్ని ఎక్కించినతను దించడానికి మళ్లీ డబ్బులడిగాడు. ఫొటో తీస్తామని ఫోన్ అందుకునేవాళ్లకూ బక్షీష్ ఇవ్వాలి, మన బక్షీసే.

ఒక్కరోజే ఉంటే? పొద్దున గిజా బయట నుంచి, మధ్యాహ్నం సఖ్ఖారా. ఖుఫు లోపలి టికెట్‌కు పెట్టే డబ్బు, ఆ గంట సమయం మిగిలించుకుని గిజా దగ్గరే ఉన్న గ్రాండ్ ఈజిప్షియన్ మ్యూజియానికి వెళ్లొచ్చు. 2025 నవంబరులో పూర్తిగా తెరిచారు. ఖుఫు పిరమిడ్ పక్కన గోతిలో 1954లో ముక్కలుగా దొరికిన దేవదారు పడవ, 43 మీటర్ల పొడవుది, ఇప్పుడు అక్కడే ఉంది. పిరమిడ్ లోపల ఖాళీ పెట్టె మాత్రమే మిగిలిన ఆ రాజు కోసం చేసిన పడవను, పలకలను తాళ్లతో కుట్టిన చోట్లతో సహా, అక్కడ దగ్గర నుంచి చూడొచ్చు.