రావి దాటగానే మూగబోయిన ఫోన్లు: మా కట్రా, శ్రీనగర్ యాత్ర

ముందు ఈ ఒక్క ముక్క చెప్పేస్తాను. వైష్ణోదేవికి గానీ, శ్రీనగర్‌కి గానీ, లదాఖ్‌కి గానీ వెళ్తుంటే మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. ఏ కంపెనీదైనా, ఎంత పెద్ద రీఛార్జి చేయించినా అంతే. బయటి రాష్ట్రాల నంబర్లలో పోస్ట్‌పెయిడ్ ఉన్నవే అక్కడ మోగుతాయి. భద్రత కోసం ప్రభుత్వం పెట్టిన నిబంధన ఇది, కొత్తదేమీ కాదు. కశ్మీర్ లోయకే కదా అనుకుని వైష్ణోదేవి యాత్రికులు చాలామంది పట్టించుకోరు. వైష్ణోదేవి కొండ కింద ఊరు కట్రా కూడా జమ్మూ కశ్మీర్‌లోనే ఉంది, అక్కడా ఇదే నిబంధన.

ఈ మాట మాకు హనుమకొండలో రీఛార్జి చేసిన షాపతను చెప్పలేదు. పైగా అడిగితే అబద్ధం చెప్పాడు. నా కడుపుమంట అంతా అక్కడే.

బయల్దేరే ముందు వారం మామయ్య, అత్తయ్య, వదిన, అన్నయ్య నలుగురి ఫోన్లకూ 84 రోజుల ప్యాకు వేయించారు. ఒక్కోటి 859 రూపాయలు, మొత్తం 3,436. మామయ్య కౌంటరు దగ్గర నిలబడి మరీ అడిగారు, "జమ్మూ పోతున్నం బాబూ, అక్కడ సిగ్నల్ వస్తదా?" అని. "ఆలిండియా రోమింగ్ ఫ్రీ సార్, ఇండియాల యాడికి పోయినా వస్తది" అన్నాడు. డెబ్బై దాటిన మనిషి ఊరి పేరు చెప్పి అడిగితే వచ్చే జవాబేనా ఇది? మావారిది కూడా ప్రీపెయిడే. మా ఆరుగురిలో పోస్ట్‌పెయిడ్ నాదొక్కటే, అదీ ఆఫీసు ఇచ్చింది కాబట్టి.

కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం, ఢిల్లీలో ఒక రాత్రి ఆగాం, పొద్దున 6 గంటలకు కట్రా వందే భారత్ ఎక్కాం. అంతవరకూ చెప్పుకోవడానికేమీ లేదు. పఠాన్‌కోట్ దాటాక రావి నది వస్తుంది, దాని అవతల జమ్మూ కశ్మీర్. అప్పుడు అత్తయ్య వరంగల్‌లో ఉన్న మా మరిదితో మాట్లాడుతున్నారు. "ఇగో నది వచ్చింది రా, నీళ్లు ఎంత తెల్లగ..." అంటుండగానే కాల్ పోయింది. చూస్తే నాది తప్ప అందరి ఫోన్ల మీదా ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ అని ఉంది. అంటే 112 కు తప్ప ఇంకెవరికీ చేయలేం. స్విచాఫ్ చేసి ఆన్ చేశారు. మామయ్య ఒక పిన్ను అడిగి తీసుకుని తన సిమ్ బయటికి తీశారు, అత్తయ్య దాన్ని కొంగుతో తుడిచి, మీద ఊది, మళ్లీ ఇచ్చారు. మామయ్య అదే పని కథువా దాటేదాకా చేస్తూనే ఉన్నారు. టీటీఈ అటుగా వస్తే అన్నయ్య అడిగాడు. ప్రీపెయిడా అని ఒక్క మాట అడిగి, ఇక్కడ నడవదని చెప్పి వెళ్లిపోయాడు.

అటు వరంగల్‌లో ఏం జరిగిందో వినండి. మా మరిది వరసబెట్టి అయిదు నంబర్లకు చేశాడు, ఒక్కటీ కలవలేదు. నాది కదిలే రైల్లో వచ్చీ పోయీ ఉంది. 2025 ఏప్రిల్‌లో పహల్గాంలో 26 మందిని చంపేసిన దగ్గర్నుంచి కశ్మీర్ పేరెత్తితేనే మా ఇంట్లో గుండెదడ. వెళ్లొద్దని వారించినవాడే అతను. నా ఫోను కలిసేసరికి అతని గొంతు వణుకుతోంది. పక్కన తోటికోడలు ఏడుపు వినిపిస్తోంది. ఒక షాపతను నిజం చెప్పి ఉంటే ఆ పిల్ల అలా ఏడ్చేది కాదు.

కట్రా స్టేషన్ శుభ్రంగా ఉంది. ఉచిత వైఫై ఉంది కదా అని మావారు ప్రయత్నించారు. లాగిన్ అవ్వాలంటే ఫోనుకు ఓటీపీ రావాలి. సిమ్ చచ్చిపోయాక ఓటీపీ ఎక్కడినుంచి వస్తుంది? ఇక నా ఫోను హాట్‌స్పాటే అందరికీ దిక్కయింది. దాని మీద వాట్సాప్ కాల్ వెళ్తుంది, యూపీఐ కూడా నడిచింది, కానీ బ్యాంకు ఓటీపీ రాదు. సాయంత్రానికి నా బ్యాటరీ అడుగంటేది. పవర్ బ్యాంకు రెండు తీసుకెళ్లండి.

అసలు దెబ్బ హోటల్ దగ్గర తగిలింది. అన్నయ్య తన నంబరుతో మూడు గదులు బుక్ చేశాడు, గదికి 1,600, డబ్బు మేం అక్కడ దిగాక కట్టేలా. మధ్యాహ్నం వాళ్లు రెండుసార్లు ఫోన్ చేశారట, కలవలేదట, రారనుకుని గదులు వేరేవాళ్లకు ఇచ్చేశారు. కట్రాలో హోటల్ నడిపేవాళ్లకు బయటి ప్రీపెయిడ్ నంబరు మోగదని తెలియదా? రోజూ చూసేదే కదా. ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టినా రైల్లో నా హాట్‌స్పాట్ మీద చూసుకునేవాళ్లం. మేనేజరు తల కూడా ఎత్తకుండా రిజిస్టరు తిప్పి చూపించాడు. చివరికి బస్టాండు వెనక గదికి 2,800 పెట్టి దిగాం. రెండు రాత్రులకు మూడు గదుల మీద 7,200 అదనం. ఆ డబ్బుకైనా తగ్గట్టు ఉందా అంటే లేదు. గీజరు గోడకు ఉంది, నీళ్లు వేడెక్కవు. బకెట్ వేడినీళ్లకు 50 రూపాయలు. దుప్పట్లు అడిగితే ఒక్కటి ఇచ్చి, రెండోది 100 అన్నాడు. కార్తీకమాసం, కొండ గాలి, అత్తయ్య రాత్రంతా మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నారు. అన్నయ్య అన్నం తినలేదు. తన బుకింగ్ వల్లే ఇదంతా అని వదిన అనేసింది, శ్రీనగర్ చేరేదాకా ఆ ఇద్దరి మధ్యా మాటల్లేవు. నా సలహా, జమ్మూ వైపు ఏ హోటలైనా పోస్ట్‌పెయిడ్ నంబరుతోనే బుక్ చేయండి. ముందు రోజు మీరే ఫోన్ చేసి వస్తున్నామని చెప్పండి.

అక్కడ స్థానిక ప్రీపెయిడ్ సిమ్ కొనుక్కోవచ్చు. బజార్లో అడుగడుగునా అమ్ముతారు. ఆధార్ ఇచ్చి, ఫొటో దిగి, మామయ్యకూ అన్నయ్యకూ రెండు తీసుకున్నాం. ఒక్కోటి 600. లోపల వేసింది 199 రూపాయల ప్యాకని తర్వాత మెసేజ్ వస్తే తెలిసింది. బిల్లు అడిగితే ఇక్కడ బిల్లులుండవన్నాడు. అరగంటలో ఆన్ అవుతుందన్న సిమ్ మర్నాడు మధ్యాహ్నానికి ఆన్ అయింది. ఇంకో సంగతి, జమ్మూ కశ్మీర్ ప్రీపెయిడ్ సిమ్ ఆ సరిహద్దు దాటి ఇవతలికి వస్తే పనిచేయదు. అమ్మేవాడు అది కూడా చెప్పడు.

అంటే కొండ ఎక్కిన రోజు మా దగ్గర పనిచేసే ఫోను ఒక్కటే. అందుకని తెల్లవారుజామున బయల్దేరే ముందే నా నంబరు అయిదు చీటీల మీద రాసి, తలా ఒక జేబులో పెట్టాను. మామయ్యకు మోకాళ్ల నొప్పులు, ఆయన కొండ మొదట్లో బాణగంగ దగ్గర గుర్రం ఎక్కారు. అత్తయ్యకు గుర్రాలంటే భయం, కాబట్టి మేం తారాకోట్ దారిన నడిచాం. ఆ దారిలో గుర్రాలను రానివ్వరు. వెడల్పుగా, శుభ్రంగా, వాలు తక్కువగా ఉంటుంది. మధ్యలో లంగరు అనే ఉచిత భోజనశాల ఉంది, వేడివేడి రాజ్మా అన్నం పెట్టారు. పెద్దవాళ్లు నడవాలంటే నేను ఈ దారే చెప్తాను. సగం దారిలో వచ్చే అర్ధకుమారి దగ్గర కలుద్దామనుకున్నాం.

అర్ధకుమారి అంటే ఒక చోటు కాదు. క్యూలు, షెడ్లు, టీ దుకాణాలు, గుర్రాల స్టాండు, అన్నీ కలిసి చిన్న ఊరంత. మేం చేరేసరికి మామయ్య లేరు. మావారు పైకీ కిందికీ పరుగులు. ఎనౌన్స్‌మెంట్ చేయించాం, మైకులో ఆయన పేరు స్పష్టంగానే వినిపించింది. కానీ చెప్పిందంతా హిందీలో. మామయ్యకు హిందీ రాదు. పేరు విని లేచి నిలబడ్డారట, ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నారట. అత్తయ్య గోడకు ఆనుకుని లలితా సహస్రనామం మొదలుపెట్టారు, మధ్యలో నామాలు తప్పుతున్నారు, మళ్లీ మొదటికి వస్తున్నారు. ఆవిడ ఆ నామాలు తప్పడం నేనెప్పుడూ వినలేదు.

గంట దాటాక నా ఫోను మోగింది. తెలియని నంబరు. గుర్రం నడిపే అబ్బాయి. మామయ్యను దించి వెళ్లిపోకుండా, ముసలాయన ఒక్కడే ఉన్నాడని పక్కనే కూర్చున్నాడు. ఎంతసేపటికీ ఎవరూ రాకపోతే ఆయన తన జేబు తట్టి చూపిస్తే, చీటీ తీసుకుని, తన ఫోనులోంచి చేశాడు. మేం వెళ్లేసరికి ఇద్దరూ ఒకే గ్లాసు టీ పంచుకుంటున్నారు, ఒకరి భాష ఒకరికి రాదు. ఆ సమయంలో అతను ఇంకో బేరం చూసుకోవచ్చు. కౌంటర్లో కట్టిన రేటు మీద పైసా అడగలేదు. మామయ్య 200 జేబులో కుక్కితే తీసుకున్నాడు. ఈ యాత్రలో నేను మనసారా దణ్ణం పెట్టిన మనిషి అతను.

దర్శనం హాయిగా అయింది. గుహ ముందు ఎలాగూ ఫోన్లు లాకర్లో పెట్టాల్సిందే, అందుకే ఎక్కడ కలవాలో లోపలికి వెళ్లకముందే చూపించి మరీ చెప్పుకోండి. భైరవుడి గుడికి రోప్‌వే ఎక్కండి, 100 రూపాయలకు రెండు కిలోమీటర్ల దాకా ఎక్కుడు తప్పుతుంది.

కట్రా నుంచి శ్రీనగర్ వందే భారత్ ఛైర్ కార్ 2025లో 715 రూపాయలు, మూడు గంటల ప్రయాణం. 2025 జూన్‌లో మొదలైన రైలు ఇది. చీనాబ్ వంతెన నది మీద 359 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఆ నిమిషం కోసమే ఎక్కినా ఎక్కొచ్చు. మిగతా దారి ఎక్కువ భాగం సొరంగాలే.

శ్రీనగర్‌లో రోజులు చల్లగా గడిచిపోయాయి. తోటలు, దాల్ సరస్సు, పాంపోర్‌లో కుంకుమపువ్వు పొలాలు. భోజనం సంగతి మాత్రం చెప్పాలి. కార్తీకంలో మాంసం లేదు, అక్కడేం తింటామని అత్తయ్య దిగులుపడ్డారు. నద్రు యఖ్ని అని పెట్టారు, తామరతూళ్లు ముక్కలు కోసి పెరుగులో సోంపు పొడితో ఉడికించిన కూర. అత్తయ్య ఒక ముక్క కొరికి, నారలు సాగుతుంటే వేలితో చుట్టి చూసి, ఇంకో గరిటె వేయించుకున్నారు. అన్నయ్య కూడా ఆ పూట రెండోసారి అన్నం అడిగాడు. వదిన వడ్డించింది. ఆ పూట మాటలు కలిశాయి.

సోనామార్గ్ తీసుకెళ్లిన డ్రైవరు దగ్గర రెండు సిమ్‌లున్నాయి, ఒకటి ప్రైవేటుది, రెండోది బీఎస్ఎన్ఎల్. కొండల్లో ఏ మలుపులో ఏది వస్తుందో అతనికి కంఠతా వచ్చు. 2019 ఆగస్టులో అన్ని ఫోన్లూ ఆగిపోయినప్పుడు, అక్టోబరు 14న ముందు పోస్ట్‌పెయిడ్ వాళ్లకే లైన్లు తిరిగి ఇచ్చారని, ప్రీపెయిడ్ వాళ్లు జనవరి దాకా ఆగారని చెప్పాడు. అప్పట్నుంచి ఇంట్లో ఒకటైనా పోస్ట్‌పెయిడ్ ఉంచుకుంటున్నాడట.

ఇక ఏ కంపెనీ తీసుకోవాలంటారా? ప్రకటన చూసి కాదు, 5జీ గుర్తు చూసి అసలే కాదు. ఇప్పుడు కంపెనీలు తమ సైట్లలో కవరేజీ మ్యాపు పెట్టాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. మీరు వెళ్లే ఊళ్ల పేర్లు అందులో వేసి చూడండి. కేంద్రం నడిపే తరంగ్ సంచార్ పోర్టల్లో ఏ ఊరి చుట్టుపక్కల ఏ కంపెనీ టవర్లున్నాయో కనిపిస్తుంది. ఆరుగురు వెళ్తే ఆరూ ఒకే కంపెనీ వద్దు. కనీసం రెండు పోస్ట్‌పెయిడ్‌లు, రెండు వేర్వేరు కంపెనీలవి ఉండాలి, ఒకటి తప్పకుండా పెద్దవాళ్ల చేతిలో ఉండాలి. ఉన్న నంబరునే అదే కంపెనీలో ప్రీపెయిడ్ నుంచి పోస్ట్‌పెయిడ్‌కి ఓటీపీతో మార్చుకోవచ్చు. మొదటిసారి వెనక్కి మారాలంటే ఆగాల్సిన గడువు 90 రోజులుండేది, 2025 జూన్‌లో 30కి తగ్గించారు. కంపెనీయే మారాలంటే పోర్ట్ అని ఇంగ్లిషులో టైప్ చేసి, ఖాళీ వదిలి, మీ నంబరు వేసి 1900కి మెసేజ్ పెట్టాలి. కానీ ప్రయాణం దగ్గరపడ్డాక పోర్టింగ్ పెట్టుకోవద్దు, కనీసం రెండు వారాల ముందే కానివ్వండి.

తిరిగొచ్చాక మామయ్య ఆ షాపుకు వెళ్లారు, నేనూ వెంట వెళ్లాను. "మాకు తెల్వదు సార్, కంపెనోళ్లు చెప్పలే" అన్నాడు. తెలియకపోతే తెలియదని చెప్పడానికి ఏమొచ్చింది? రోజుకు ఎంతమందికో రీఛార్జి చేసేవాడు, అందులో వైష్ణోదేవికి, అమర్‌నాథ్‌కి వెళ్లేవాళ్లు ఎందరో. జమ్మూ కశ్మీర్, లదాఖ్‌లో ప్రీపెయిడ్ పనిచేయదని కౌంటరు మీద ఒక కాగితం అంటించమన్నాను. అంటిస్తానన్నాడు. వెళ్లి చూస్తాను.

వదినా అన్నయ్యా వచ్చే ఏడు అమర్‌నాథ్ వెళ్దామంటున్నారు. ఆ యాత్రకు బీఎస్ఎన్ఎల్ ప్రత్యేకంగా యాత్రా సిమ్ ఇస్తుంది, 2025లో ధర 196 రూపాయలు, 15 రోజులు. యాత్రా రిజిస్ట్రేషన్ కాగితం, ఆధార్ చూపిస్తే ఇస్తారు. వదిన అది తీసుకుంటానంది. అన్నయ్య నంబరు మాత్రం పోయిన నెలే పోస్ట్‌పెయిడ్‌కి మారిపోయింది.