తిరగేస్తేనే గిట్టుబాటయ్యే కారు: 1:18 బ్రాన్ మోడల్ రివ్యూ

నేను జీడిమెట్లలో ప్లాస్టిక్ మౌల్డింగ్ పని చేస్తాను. మోడల్ కారు చేతికొస్తే రంగు కన్నా ముందు మౌల్డ్ గీత ఎక్కడుందో వెతుకుతాను. ఇది బ్రాన్ అనే ఫార్ములా వన్ టీము కారు బీజీపీ 001, అసలుదానిలో పద్దెనిమిదో వంతు సైజు. దీని ముక్కు మీద గీత కనబడకుండా బాగానే సాన పెట్టారు. డ్రైవర్ జెన్సన్ బటన్ నడిపిన 22వ నంబరు కారు, 2009 ఆస్ట్రేలియా రేసుది. 14 వేలయింది. ఇంట్లో సగం రేటే చెప్పాను.

ఫార్ములా వన్‌లో ఇన్ని కార్లుండగా ఇదే కొనడానికి కారణం 2009 రూల్స్. వెనక కారు ముందు కారుని దాటలేకపోతోందని ఆ ఏడాది ఫ్రంట్ వింగ్‌ని 1400 నుంచి 1800 మిల్లీమీటర్లకి పెంచారు, రియర్ వింగ్‌ని 1000 నుంచి 750కి కుదించారు. ఒంటి నిండా మొలిచిన చిన్న చిన్న రెక్కలన్నీ పీకించేశారు. వెర్నియర్ పెట్టి చూశాను. ముందు రెక్క సరిగ్గా 100 మిల్లీమీటర్లు, అంటే కరెక్టు. వెనకది లెక్క ప్రకారం 41.7 ఉండాలి, 42కి కాస్త తక్కువ వచ్చింది. ఈ సైజు మోడల్‌కి అది తప్పు కాదు.

అసలు సరుకు అడుగున ఉంది. కారు వెనక కింది భాగంలో గాలి పైకి విచ్చుకుంటూ బయటికి పోయే చోటే డిఫ్యూజర్. అది ఎంత ఎత్తుంటే కింద గాలి అంత వేగంగా లాగబడుతుంది, కారు రోడ్డుకి అంత అతుక్కుంటుంది. అందుకే దాని ఎత్తు 175 మిల్లీమీటర్లు దాటకూడదన్నారు. కారు అడుగులో ఎక్కడా రంధ్రం కనబడకూడదని ఇంకో రూలు, అదీ కింది నుంచి నిటారుగా చూసినప్పుడు. అయితే ఆ అడుగు ఒకే మట్టంలో ఉండదు. మధ్య భాగం పక్కల కన్నా 50 మిల్లీమీటర్లు కిందికి ఉంటుంది. ఆ మెట్టు నిలువు గోడలో సందు పెడితే కింది నుంచి చూసేవాడికి కనబడదు. అందులోంచి గాలిని పైకి పంపి, డిఫ్యూజర్ మీద ఇంకో డిఫ్యూజర్ కట్టేశారు. బ్రాన్, టొయోటా, విలియమ్స్, ముగ్గురూ ఈ దారే పట్టారు. మిగతా టీములు గొడవ చేస్తే కేసు పారిస్‌లో ఎఫ్‌ఐఏ (ఈ రేసుల రూల్స్ పెట్టే సంస్థ) అప్పీలు కోర్టు దాకా వెళ్లింది. ఏప్రిల్ 15న ఆ అప్పీలు కొట్టేశారు, డిఫ్యూజర్ చెల్లుతుందన్నారు. అప్పటికే బటన్ రెండు రేసులు గెలిచాడు. మొదటి ఏడింటిలో ఆరు అతనివే. అంతకుముందు డిసెంబరులో హోండా వదిలేసి వెళ్లిన టీము ఇది! చివరికి 2011 నుంచి డబుల్ డిఫ్యూజర్ నిషేధించారు.

ఈ మోడల్‌లో ఆ సందు నిజంగా ఉంది. టార్చి వేస్తే వెలుతురు పై అంతస్తులోంచి బయటికొస్తుంది. అడుగున చదును పలక బిగించి వదిలేసే మోడళ్లు చాలా చూశాను కాబట్టి, నా డబ్బులు ఇక్కడే వచ్చేశాయనిపించింది.

కానీ తయారుచేసినవాళ్లు దీన్ని రెండు స్క్రూలతో నల్ల స్టాండుకి బిగించి పంపారు. విప్పితే గానీ అడుగు కనబడదు. ఇంత పని చేసి దాచడమేంటో! స్టాండులో చిన్న అద్దం పెట్టినా సరిపోయేది. బ్రాన్ గుర్తు ఆ ఫ్లోరసెంట్ పసుపు, ఇక్కడేమో నిమ్మకాయ రంగు. రెక్కల చివరి పలకలు మిల్లీమీటరు పైనే ఉన్నాయి, అసలు కారుకి లెక్కేస్తే 18. దీన్ని మాత్రం తప్పు పట్టను. ఇంకా పల్చన చేస్తే మౌల్డ్‌లో మెటీరియల్ చివరి దాకా నిండదు, షార్ట్ షాట్ వస్తుంది.

షోకేసులో పెట్టి మర్చిపోయేవాళ్లకి ఇంత ఖరీదుది అక్కర్లేదు. చిన్న సైజుది చాలు, దూరం నుంచి అలాగే కనబడుతుంది. రూల్సు పుస్తకానికి ఎక్కడ కన్నం పడిందో వేలు పెట్టి చూడాలనుకుంటే మాత్రం ఇదే కొనండి. 2022 కార్లలోనూ సత్తా అంతా అడుగున ఉన్న సొరంగాల్లోనే. ఆ మోడల్ కొనేవాళ్లు ముందు అడుగు ఫొటో అడగండి. 2026 కార్లకైతే డీఆర్‌ఎస్ (ముందు కారుని దాటడానికి వెనక రెక్క తెరిచే ఏర్పాటు) పోయి ముందు వెనక రెక్కలు రెండూ కదులుతాయి. మోడల్‌లో అవి కదలకపోతే నేను కొనను.

కొరియర్‌లో కుడి అద్దం ఊడి వచ్చింది. అమ్మిన షాపుకి ఫొటో పంపితే ఫెవిక్విక్ వేసుకోమన్నారు. వేసుకున్నాను.