వర్డ్ ఫారంలోంచి హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లోకి: ఆరేళ్ళ కాపీ పేస్ట్ కాపురం

గోదావరి జిల్లాలో ఒక 50 పడకల ప్రైవేటు ఆస్పత్రిలో మెడికల్ రికార్డ్స్ చూస్తాను. మా డాక్టర్లు డిశ్చార్జ్ సమ్మరీని వర్డ్‌లో తయారుచేసిన ఖాళీల ఫారంలో నింపి ఇస్తారు. దాన్ని సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించేది నేను. రోజుకి పదో పన్నెండో వస్తాయి. ఇలా ఆరేళ్ళు గడిచాక రాస్తున్న మాటలివి.

"నేరుగా సాఫ్ట్‌వేర్‌లోనే కొట్టొచ్చుగా?" అని కొత్తగా వచ్చిన ప్రతి మేనేజరూ అడుగుతాడు. మా సాఫ్ట్‌వేర్‌లో 'కోర్స్ ఇన్ హాస్పిటల్' (ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ ఏం జరిగిందో) రాసే పెట్టె అగ్గిపెట్టెంత ఉంటుంది. నాలుగో లైను కొట్టేసరికి మొదటిది కనబడదు. పావుగంట ముట్టుకోకపోతే లాగౌట్ అయిపోతుంది. మధ్యలో ఎమర్జెన్సీ కేసు వచ్చి డ్యూటీ డాక్టరు లేచి వెళ్ళారా, రాసిందంతా గోవిందా. వర్డ్ ఫైలైతే తిరిగొచ్చేదాకా అక్కడే ఉంటుంది.

మొదటి రెండేళ్ళూ బూడిదరంగు గడులుండే పాతరకం ఫారం వాడాం. ఫారాన్ని లాక్ చేస్తే గడుల్లో తప్ప ఇంకెక్కడా టైప్ కాదు, ట్యాబ్ కొడితే తర్వాతి గడిలోకి వెళ్తుంది. డాక్టర్లకి బాగా నచ్చింది. కానీ లాక్ చేసిన ఫారంలో స్పెల్ చెక్ పనిచేయదు. అది నాకు ఆలస్యంగా తెలిసింది.

అప్పట్లో ఒక తెలివైన పని చేశాననుకున్నాను. ఫారంలో నింపినవాటిని మాత్రమే కామాలతో విడదీసిన టెక్స్ట్ ఫైలుగా సేవ్ చేసే సౌకర్యం వర్డ్ ఆప్షన్లలో ఉంది. అలా సేవ్ చేసి, ఎక్సెల్‌లో తెరిచి, అక్కడినుంచి సాఫ్ట్‌వేర్‌లోకి పంపేవాణ్ణి. రోజుకి రెండుపూటలా వేసుకునే మందుకి 1-0-1 అని రాస్తాం కదా, దానికేమీ కాలేదు. మూడుపూటలా అని రాసిన 1-1-1 మాత్రం 01-01-2001 అయి కూచుంది. ఎక్సెల్ దాన్ని తేదీ అనుకుంది మరి! 14 అంకెల ఆభా నంబరైతే (ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ఖాతా నంబరు) మధ్యలో ఈ, ప్లస్ గుర్తులతో కుదించుకుపోయింది. నెల తిరక్కుండా ఆ తెలివికి దణ్ణం పెట్టాను.

తర్వాత కంటెంట్ కంట్రోల్స్ ఉన్న కొత్త ఫారానికి మారాం. డ్రాప్‌డౌన్లు, క్యాలెండరు, టిక్ పెట్టే గడులు, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ఇందులో చిక్కేమిటంటే, నింపని గడిలో 'ఇక్కడ క్లిక్ చేసి రాయండి' అని ఇంగ్లీషులో లేతరంగు మాట ఒకటుంటుంది. మొత్తం సెలెక్ట్ చేసి కాపీ కొడితే అదీ వచ్చేస్తుంది. ఒక పేషెంటుకి అలర్జీ ఏమిటంటే 'ఇక్కడ క్లిక్ చేసి రాయండి' అని మా రికార్డులో కొన్నాళ్ళు ఉంది. నవ్వొచ్చే తప్పే, అయినా అది నయం. ఎందుకంటే ఆ తర్వాత అలర్జీ డ్రాప్‌డౌన్‌లో ముందుగానే 'లేవు' అని పెట్టి ఉంచి, ఇంకా పెద్ద తప్పు చేసింది నేనే. డాక్టరు ముట్టుకోకపోయినా అలర్జీ లేదని రికార్డయ్యేది. ఒక సిస్టరు గమనించి చెప్పేదాకా నా బుర్రకి తట్టలేదు. ఇప్పుడు ఆ గడి ఖాళీగానే మొదలవుతుంది.

గుర్తుల గొడవ వేరే. వర్డ్‌లో 1/2 అని కొడితే తనంతట తానే ½ చేస్తుంది. మా సాఫ్ట్‌వేర్‌కి ఆ గుర్తు అర్థం కాక ప్రశ్నార్థకం వేస్తుంది. '? టాబ్లెట్ రాత్రికి' అని ప్రింటు వస్తే ఫార్మసీవాళ్ళు ఫోన్ చేశారు. బాణం గుర్తు సంగతీ ఇంతే. ఆటోకరెక్ట్‌లో (వర్డ్ తనంతట తానే మార్చేసే సౌకర్యం) ఇవి తీసేశాక ప్రాణం కుదుటపడింది. నాకు బాగా టెన్షన్ పెట్టింది తేదీ. జులై 8న కుట్లు తీయాల్సిన పెద్దాయనకి ఫారంలో 08-07 అని ఉంటే, సాఫ్ట్‌వేర్ దాన్ని నెల ముందు, రోజు తర్వాత అని చదివి ఆగస్టు 7న రమ్మని మెసేజ్ పంపింది. వాళ్ళావిడ ఫోన్ చేసి, "కుట్లు దురద పెడుతున్నాయంట బాబూ, ఇంకా నెలాగాలా?" అని అడిగింది కాబట్టి సరిపోయింది. ఆరోజు నుంచి నెలని అక్షరాల్లోనే రాయిస్తున్నాను.

ఇంకో ప్రమాదం మన అలవాటులోనే ఉంది. నిన్నటి పేషెంటు ఫైలు తెరిచి, పేరు మార్చి, సేవ్ యాజ్ కొట్టడం. అలా ఒక 62 ఏళ్ళ మగాయన సమ్మరీలో ఆఖరి నెలసరి తేదీ కూడా వచ్చేసింది. ఫారాన్ని టెంప్లేట్‌గా సేవ్ చేసి పెడితే డబుల్ క్లిక్ చేసిన ప్రతిసారీ కొత్త ఖాళీ కాగితం తెరుచుకుంటుంది. డబ్బు ఖర్చు లేని మందు ఇది, ముందే వాడాల్సింది.

ఇప్పుడు మా పద్ధతి ఇది. మా మేనల్లుడు చిన్న మాక్రో (వర్డ్ లోపలే నడిచే బుల్లి ప్రోగ్రాం) రాసిచ్చాడు. బటన్ నొక్కితే నింపని గడుల్ని పట్టి చూపిస్తుంది, వంకర గుర్తుల్ని మామూలువి చేస్తుంది, మిగతాదాన్ని సాదా అక్షరాలుగా క్లిప్‌బోర్డులో పెడుతుంది. కథనం మాత్రమే అతికిస్తాను: వచ్చిన బాధ, పరీక్షలో కనబడింది, చేసిన వైద్యం. మందుల డోసులూ, తేదీలూ, ల్యాబ్ అంకెలూ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో కొడతాను. అతికించే ముందు ఐపీ నంబరు (చేరిన పేషెంటుకి ఆస్పత్రి ఇచ్చే నంబరు) పైకి చదువుతాను. ఎందుకంటే కాపీ సరిగ్గా పడకపోతే క్లిప్‌బోర్డులో ఉండేది ఇందాకటి పేషెంటు కథే. ఒక్కో సమ్మరీకి ఆరేడు నిమిషాలు పడుతోంది. మొత్తం చేత్తో కొట్టిన రోజుల్లో ఇరవై పట్టేది.

ఈ పద్ధతికి అయిదుకి మూడున్నర ఇస్తాను. చిన్న ఆస్పత్రికి, ఓపికున్న ఒక మనిషి కూచుంటే నడుస్తుంది. రోజుకి వంద డిశ్చార్జులుండే చోట దీని జోలికి వెళ్ళొద్దు.

మొన్న కొత్త సాఫ్ట్‌వేర్ డెమోకి ఒకబ్బాయి వచ్చాడు. రంగురంగుల గ్రాఫులన్నీ చూపించాక, "బాబూ, వర్డ్‌లోంచి ½ కాపీ చేసి ఇక్కడ అతికించు" అన్నాను. ప్రశ్నార్థకం రాలేదు. ½ ముందు టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ ఒకటి వచ్చి కూచుంది.